చూసేవారి కోసం సాగే వేధింపు

తోటి పిల్లవాణ్ణి మాటతోనో చేతితోనో పదేపదే ఏడిపించే విద్యార్థి ఇంట్లో ప్రేమకు నోచుకోనివాడని, లోలోపల పిరికివాడని, స్నేహితులు లేని ఒంటరివాడని పెద్దలలో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. అలాంటి పిల్లలు లేకపోలేదు గాని, గత ఐదు దశాబ్దాల పరిశోధనలో తేలిన విషయం వేరు. వేధించేవారిలో చాలామంది తరగతిలో పేరున్నవారే; ఆ పేరును పెంచుకోవడానికో, చేజారిపోకుండా చూసుకోవడానికో వారు వేధింపును సాధనం చేసుకుంటున్నారు.

ఈ రంగానికి ఆద్యుడిగా చెప్పదగిన డాన్ ఓల్వియస్ స్వీడన్‌లో పుట్టి, నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. బాధపెట్టాలన్న ఉద్దేశం, అది మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి బలాబలాల్లో తేడా ఉండడం అనే మూడు లక్షణాలు కలిసినప్పుడే దానిని వేధింపు అనాలని ఆయన నిర్వచించాడు. కాబట్టి సమ ఉజ్జీల కొట్లాట ఎంత పెద్దదైనా ఈ లెక్కలోకి రాదు. బలమంటే కండబలమే కానక్కరలేదు, వెనక నిలబడే గుంపు కూడా బలమే. 1982 చివరలో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నప్పుడు, తోటి విద్యార్థుల వేధింపే అందుకు కారణమై ఉంటుందన్న ఆందోళన దేశమంతటా వ్యాపించి, మరుసటి ఏడాదే ప్రభుత్వం పాఠశాలల్లో జాతీయ స్థాయి కార్యక్రమం చేపట్టింది. దూకుడు పిల్లల లోపల భయం, ఆత్మన్యూనత దాగి ఉంటాయన్న వాదనను ఓల్వియస్ పనిగట్టుకుని పరీక్షించాడు. దానికి ఆధారం దొరకలేదు.

పిల్లల హోదాను కొలిచే పరిశోధకులు రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తారు. ‘తరగతిలో నీకు ఎవరంటే ఇష్టం?’ అన్నది మొదటిదైతే, ‘ఇక్కడ ఎవరి మాట చెల్లుతుంది?’ అన్నది రెండోది. చిన్న తరగతుల్లో ఈ రెండింటికీ వచ్చే పేర్లు చాలావరకు కలుస్తాయి గాని, కౌమారం మొదలయ్యేసరికి విడిపోతూ వస్తాయి. పలుకుబడి ఉన్న జాబితాలో, మనసారా ఎవరూ ఇష్టపడకపోయినా, వారి దృష్టిలో లోకువ కాకూడదని అందరూ జాగ్రత్తపడే వ్యక్తులు చేరతారు. పుకారు పుట్టించడం, జట్టులోంచి వెలివేయడం, వాట్సాప్ గ్రూపు నుంచి తీసేయడం వంటి పనులను, అంటే సంబంధాలనే ఆయుధంగా చేసుకునే దూకుడును, ఈ దశలో పిల్లలు బాగా వంటబట్టించుకుంటారు.

అమెరికాలోని నార్త్ కరోలినా పాఠశాలల విద్యార్థులపై రాబర్ట్ ఫారిస్, డయాన్ ఫెల్మ్లీ 2011లో ప్రచురించిన అధ్యయనం హోదా కోసం సాగే పోరును దగ్గరగా చూపించింది. ఎవరెవరు ఎవరికి స్నేహితులో, ఎవరు ఎవరిని బాధించారో విద్యార్థుల చేతనే చెప్పించి బొమ్మ గీస్తే, హోదా పెరిగేకొద్దీ దూకుడూ పెరుగుతూ పోయి, అగ్రభాగాన ఉన్న సుమారు 2 శాతం దగ్గర మాత్రం పడిపోయింది. శిఖరానికి చేరినవారికి ఇక ఎక్కడానికి మెట్టు లేదు గనుక ఎవరినీ తోయవలసిన పని ఉండదు. తోపులాటంతా వారి కిందివారిలోనే.

హోదా అనేది పదిమంది ఇచ్చేదే కాబట్టి వేధింపుకు ప్రేక్షకులు కావాలి. కెనడాలోని టొరంటోలో బడిపిల్లలకు వైర్‌లెస్ మైకులు తగిలించి, ఆటస్థలంలో జరిగేదంతా దూరం నుంచి వీడియో తీసిన పరిశోధకులు, చుట్టూ మూగిన పిల్లలు సగానికి పైగా సమయం ఊరకే చూస్తూ నిలబడ్డారని గమనించారు. ఎవరో ఒకరు అడ్డుపడిన సందర్భాలు తక్కువే అయినా, అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా ఘటనలు పది సెకన్లలోనే ఆగిపోయాయి. పెద్దల ఉపన్యాసాలకు ఇంత వేగం ఏనాడూ లేదు.

ఫిన్లాండ్ పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి 1996లో ఈ చుట్టూ ఉన్నవారిని సహాయకులు, నవ్వి ఎగదోసేవారు, బాధితుడి పక్షాన నిలిచేవారు, పట్టించుకోనివారు అని వర్గీకరించింది. ఆ అవగాహన మీదే రూపొందిన ‘కివా’ కార్యక్రమం 2009 నుంచి ఫిన్లాండ్ అంతటా అమలైంది; బాధితుడికి అండగా నిలవమని, తరగతిలో మంచి స్థానం ఉన్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులను ఉపాధ్యాయులే పిలిచి అడగడం అందులో ఒక భాగం. వేధింపు తగ్గింది గాని, ఒక మెలిక మిగిలింది. పలుకుబడి తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న వేధింపుదారులు మారారు. బాగా పలుకుబడి ఉన్నవారిపై మాత్రం ప్రభావం కనిపించలేదు. చేసే పని ఫలితమిస్తున్నంతకాలం దానిని మానుకొమ్మని ఎవరికి చెప్పినా వృథా ప్రయాసే.

పరిశోధకురాలు బెట్సీ లెవీ పలక్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం ఈ చిక్కుకు మరో దారి వెతికింది. న్యూజెర్సీలోని 56 పాఠశాలల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, ప్రతిచోటా ఒక చిన్న విద్యార్థి బృందానికి గొడవలకు వ్యతిరేకంగా బహిరంగంగా నిలబడే బాధ్యత ఇచ్చారు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో పిల్లలే నిర్ణయించుకున్నారు, గొడవలో సర్దిచెప్పిన తోటివారికి నారింజ రంగు చేతిపట్టీలు పంచారు. ఏడాదిలో క్రమశిక్షణ ఉల్లంఘనగా నమోదైన గొడవలు ఆ పాఠశాలల్లో 30 శాతం మేర తగ్గాయి. ఎవరితో ఎక్కువగా గడుపుతావని బడిలోని పిల్లలందరినీ అడిగి, ఎక్కువమంది పేరు చెప్పినవారిని పరిశోధకులు ముందే గుర్తించి పెట్టుకున్నారు. మంచి మార్కులు, మంచి నడవడిక చూసి ఉపాధ్యాయులు ఎంపిక చేసే లీడర్ల పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. పిల్లలు చెప్పిన ఆ పేర్లు ఒక బృందంలో ఎంత ఎక్కువగా ఉంటే, ఆ బృందం ప్రభావం బడి మీద అంత బలంగా పడింది.