వండూర్ క్యాసెట్టు

రాజధానికి వచ్చే తెలుగువారిలో పదవుల కోసం వచ్చేవారు కొందరు, పథకాల మంజూరు కోసం వచ్చేవారు కొందరు, పోటీ పరీక్షలు వ్రాయడానికి వచ్చే విద్యార్థులు మరికొందరు. గడచిన వారం అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ భోజనశాలలో ఈ విలేఖరికి ఎదురుగా కూర్చున్న యువకుడు చూపులకు మూడవ కోవకు చెందినవాడే. ఉద్యోగ పరీక్ష ఉన్న మాట నిజమే గాని, అది ఇంట్లో చెప్పి రావడానికి దొరికిన సాకు మాత్రమేనట. అతని చేతిసంచిలో పాత గుడ్డలో చుట్టిన క్యాసెట్టు ఒకటి ఉంది. దానిని పలికించగల మనిషిని వెదుక్కుంటూ అతడు ఢిల్లీ వచ్చాడు.

స్వగ్రామమేదని అడిగితే వండూర్ అన్నాడు. కేరళలోని మలప్పురం జిల్లా వండూర్ కాబోలు అనుకొన్నాను. కాదట. దక్షిణ అండమాన్ పడమటి తీరాన ఉన్న వండూర్.

ఆ పేరుకొక కథ ఉంది. 1921 నాటి మలబారు తిరుగుబాటులో పట్టుబడిన మాప్పిళ్లలో అనేకులను బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌కు పంపించింది. వారూ, తరువాత వచ్చి చేరిన వారి కుటుంబాలూ అడవి కొట్టి ఊళ్లు కట్టుకొన్నప్పుడు, విడిచివచ్చిన ఊళ్ల పేర్లనే వాటికి పెట్టుకొన్నారు. దక్షిణ అండమాన్‌లోని మంజేరి, తిరూర్, కాలికట్, వండూర్ అలా వచ్చిన పేర్లే. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చినప్పుడు ఢిల్లీలో చాలా చర్చ జరిగింది. ఇంటిమీద బెంగతో పెట్టుకొన్న ఈ చిన్న ఊళ్ల పేర్లను గూర్చి ఎవరైనా ఆ సందర్భంలో తలచుకొన్నట్లు నా చూపున పడలేదు.

“మాస్టారూ, మా ఊరి పేరే ఇంకొక ఊరి జ్ఞాపకం. ఇక మా ఇంటి సంగతి చెప్పేదేముంది?” అన్నాడా యువకుడు.

అతని తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లిన మత్స్యకారుడు. అటువంటివారు దీవులలో ఒకరిద్దరు కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం మనదే. అయితే, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వమే భూములిచ్చి పునరావాసం కల్పించింది కనుక వారి రాక దస్త్రాలకెక్కింది. తెలుగువారిలో అధిక సంఖ్యాకులు కూలి కోసం, వేట కోసం తమంతట తాము విశాఖలో ఓడ ఎక్కి వెళ్లినవారు. ఎవరు ఏ ఏట వెళ్లారు, ఏమి పట్టుకెళ్లారు అన్నది వ్రాసిపెట్టే గుమాస్తా ఎవరూ లేరు.

ఏమి పట్టుకెళ్లారో ఈ కుర్రవాడు చెప్పాడు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండున్నర మూడు రోజుల ప్రయాణం. ఆ ఓడ నెలకొకసారి వచ్చినా గొప్పే. ఎవరైనా బంధువు దిగితే ఒక రేకు డబ్బా దిగేది. అందులో ఎండు నెత్తళ్లు, ఆవకాయ, చోడిపిండి, బెల్లం, చింతపండు ఉండేవి. చుట్టూ సముద్రం పెట్టుకొని ఎండుచేపలు తెప్పించుకోవడమేమిటని నేను నవ్వాను. అతడు నవ్వలేదు. తాజా చేపకు కొదవ లేదనీ, ఆ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసనే తన బాల్యంలో ‘ఆంధ్ర’ అనే మాటకు అర్థమనీ చెప్పాడు.

ఆ యింటి పులుసు సంగతి మరీ విచిత్రం. ప్రక్కింటివారు మలబారు సంతతి, వెనుక ఇంటివారు బెంగాలీలు. ఓడ ఆలస్యమైతే చింతపండు కరువయ్యేది. కొబ్బరికి మాత్రం ఎన్నడూ కరువు లేదు. క్రమంగా తల్లి పెట్టే చేపల పులుసులో పులుపు తగ్గి కొబ్బరిపాలు చేరాయి. కొన్నాళ్లకు నూరిన ఆవాలు కూడా చేరాయి. పదిహేనవ ఏట మొదటిసారి తండ్రి ఊరికి వెళ్లినప్పుడు అక్కడి అసలు పులుసు నోట పెట్టుకొంటే కళ్ల నీళ్లు వచ్చాయట. “పులుసులో కొబ్బరిపాలు పోసుకొంటార్రా మీరు?” అని మేనత్త కొడుకులు నవ్వారట. ఇంటి పులుసేదో తెలియని స్థితిలో తిరుగు ఓడ ఎక్కానన్నాడు. ఆంధ్రభవన్ పప్పును, గోంగూరను అతడు మెచ్చుకొన్నాడు గాని, ఇవీ తన ఇంటి రుచులు కావన్నాడు.

ఈ విలేఖరి వండూర్‌ను ఒకసారి చూసివున్నాడు. పోర్ట్ బ్లెయిర్ నుంచి పాతిక ముప్పయి కిలోమీటర్లు. దారిలో సిప్పీఘాట్ వద్ద ఒకప్పటి వరిపొలాలు ఉప్పునీటి మడుగులై కనబడతాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కుంగిపోయింది. అప్పుడు లోపలికి వచ్చిన సముద్రం మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. వండూర్ రేవులో యాత్రికులు జాలీబాయ్ దీవికి పోయే పడవల కోసం బారులు తీరి ఉంటారు. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సాగర జాతీయ వనానికి అదే ద్వారం. ప్లాస్టిక్ వస్తువులు తీసుకుపోకుండా సోదా చేస్తారు. మొసళ్లున్నవి జాగ్రత్త అనే బోర్డులు ఒడ్డున ఉన్నాయి. డిసెంబరులో అయిదు గంటలకే చీకటి పడుతుంది. ఆ పొడవైన సాయంకాలాలలో ఆ రోజుల్లో పాట తప్ప మరొక తోడు లేదని యువకుడు అంటే నమ్మబుద్ధి అయింది.

పాటలకు ఆధారం రేడియో. పోర్ట్ బ్లెయిర్ ఆకాశవాణిలో కొద్దిసేపు తెలుగు వచ్చేదట. రాత్రి వేళ సముద్రం మీదుగా విశాఖ కేంద్రం గరగరమంటూ అందేదట. (సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు కోసం చెవులు రిక్కించిన మా తరానికి ఆ గరగర కొత్త కాదు. పాటలో అదీ ఒక వాద్యమే అనుకొనేవాళ్లం.) తరువాత క్యాసెట్లు వచ్చాయి. పదుగురు వినేసరికి అరిగిన క్యాసెట్టు పదకొండవ ఇంటికి వెళ్లేది.

1978లో తమిళంలో శివాజీ గణేశన్‌తో వచ్చిన ‘అందమాన్ కాదలి’ని మరుసటి ఏడు వి. మధుసూదనరావు అక్కినేని, వాణిశ్రీలతో ‘అండమాన్ అమ్మాయి’గా తెలుగులో తీశారు. శ్రీకాకుళంలో బంధువులు ఈ కుర్రవాడిని అడిగిన ప్రశ్నలన్నీ ఆ సినిమాలోవో, సెల్యులర్ జైలు మీద వచ్చిన సినిమాలలోవోనట. “వాళ్లకు మేము ఒక సినిమా. మాకు వాళ్లు పాటలు. ఎవరూ ఎవరినీ చూడలేదు మాస్టారూ” అన్నాడు. తాను పుట్టకముందే వచ్చిన పాటలు వింటే తనకెందుకు గుండె బరువెక్కుతుందో, అది తన బెంగో తండ్రి బెంగో తేల్చుకోలేకపోతున్నానన్నాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవడం రాదు. మధ్యమధ్య హిందీ దొర్లుతుంది. ఆ భాషలో తన వద్ద మిగిలినవి పాటలు, వంటల పేర్లు, తిట్లు అని నవ్వాడు.

ఇప్పుడు పాటలకు కొదవ లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు వచ్చింది. కావలసిన పాట క్షణంలో చేతిలోని ఫోనులో పలుకుతుంది. మరి పాత క్యాసెట్టు ఎందుకని అడిగాను.

అది పాటల కోసం కాదు. తీరంలోని చాలా కుటుంబాలవలె అతని నాయనమ్మకు వ్రాయడం రాదు. ఓడ ఎక్కే బంధువు చేతికి ఆమె ఉత్తరానికి బదులు క్యాసెట్టు ఇచ్చేది. రెండు పాటల మధ్య తన మాటలు నింపేది. అలా వచ్చిన వాటిలో మిగిలినది ఇదొక్కటే. ఆ డిసెంబరు ఆదివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో భూమి కంపించినప్పుడు అతనికి ఏడేళ్లు. అందరూ మెట్టకు పరుగెత్తి బ్రతికారు. ఇంట్లో నీరు నిండింది. క్యాసెట్ల పెట్టె బురదలో దొరికితే తల్లి ఒక్కొక్కదానిని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టింది. ఇది తప్ప అన్నీ పాడయ్యాయి, ఇదీ పలకలేదు. నాయనమ్మ తరువాతి ఏడాది పోయింది. ఆమె ఫొటో ఉందిగాని గొంతు లేదు.

మరునాడు ఇద్దరం ఎర్రకోట ఎదుట లజపత్‌రాయ్ మార్కెట్టుకు వెళ్లాము. నాలుగు దుకాణాలవారు క్యాసెట్టు పేరు వినగానే చేతులూపారు. అయిదవ చోట ఒక వృద్ధుడు కళ్లద్దాలు సవరించుకొని, మరలు విప్పి, టేపు చుట్టలను బయటకు తీసి, మరొక క్యాసెట్టు డబ్బాలో అమర్చాడు. దూదికి స్పిరిటు అద్ది యంత్రం తల తుడిచాడు. గంటన్నర పట్టింది. నొక్కాడు.

ముందు ఒక పాట చివరి చరణం, నీటి అడుగు నుంచి వచ్చినట్లు. తరువాత బుస. దాని వెనుక ఒక ముసలి గొంతు: “ఓలమ్మీ, మెంతిపిండి దించీముందు యెయ్యాల. ముందే యేసీకు, సేదొచ్చెస్తది...” కోడలికి పులుసు చెబుతున్నది ఆమె. నిమిషం పైచిలుకు వినబడింది. కొబ్బరి ప్రసక్తి ఎక్కడా లేదు. మనుమడు ఫోను దగ్గరగా పెట్టి పట్టుకొన్నాడు. చెయ్యి వణుకుతుంటే నేను పట్టుకొన్నాను.

మిగిలిన టేపులో పొరలు అంటుకొని ఉన్నాయనీ, తొందరపడి లాగితే తెగుతుందనీ, మంగళవారం రమ్మనీ వృద్ధుడు అన్నాడు. కుర్రవాడి ప్రయాణం సోమవారం. దారిలోనే టికెట్టు మార్చుకొన్నాడు. పరీక్ష వాయిదా పడిందని ఇంటికి ఫోను చేసి, తల్లి నమ్మకపోతే సాక్ష్యం చెప్పమని ఫోను నా చేతికిచ్చాడు.