వృత్తి సేవల వెబ్‌సైటు

వృత్తి సేవల వెబ్‌సైటు అనగా న్యాయవాదులు, వైద్యులు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు, వ్యవసాయ సలహాదారులు మొదలైన వృత్తినిపుణులు తమ సేవల వివరాలను ప్రజలకు తెలియజేయుటకు ఏర్పాటు చేసుకొనే జాలస్థలి. సరుకులు అమ్మే వెబ్‌సైటుకూ దీనికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. చక్కెరను తూచి, రుచి చూసి కొనవచ్చును. సలహాను ముందుగా చూసే వీలు లేదు. కావున చదువరి ఇక్కడ వెదికేది సలహా ఇచ్చే మనిషి నమ్మదగినవాడా, తన పనికి తగినవాడా అన్నది మాత్రమే.

భారతదేశంలో నిబంధనలు

అమెరికాలో 1977లో బేట్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవచ్చును. అక్కడ స్థిరపడిన తెలుగు న్యాయవాదుల వెబ్‌సైట్లను చూసి, అదే నమూనాలో నిజామాబాదులో ఒకటి తయారుచేయడం సరికాదు. న్యాయవాదుల చట్టం, 1961 క్రింద ఏర్పడిన భారత బార్ కౌన్సిల్ నియమాలలో 36వ నియమం కక్షిదారులను పిలుచుకొనుటను, ప్రకటనలు ఇచ్చుటను నిషేధిస్తుంది. 2008లో ఈ నియమాన్ని సవరించి వెబ్‌సైటుకు పరిమితమైన అనుమతి ఇచ్చారు. దాని ప్రకారం పేరు, చిరునామా, ఫోను, ఈ-మెయిలు, నమోదు సంఖ్య, నమోదు తేదీ, రాష్ట్ర బార్ కౌన్సిల్ పేరు, సభ్యత్వం గల న్యాయవాదుల సంఘం, విద్యార్హతలు, వాదించే కేసుల రంగాలు ఇవ్వవచ్చును. ఇవి నిజమని ధ్రువీకరణ కూడా ఉండాలి. గెలిచిన కేసుల జాబితాకు, కక్షిదారుల పొగడ్తలకు ఇందులో చోటు లేదు. 2024 జూలైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్ డైరెక్టరీల ద్వారా న్యాయవాదులు పని వెదకుకొనుటను తప్పుపట్టింది.

వైద్యులకు వర్తించే 2002 నాటి నియమావళి కూడా రోగులను ఆకర్షించే ప్రకటనలను అనైతికమని పేర్కొంటుంది. వైద్యం ప్రారంభించినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొంతకాలం సెలవులో ఉన్నప్పుడు ఆ సంగతిని ప్రకటించుటకు మాత్రం అనుమతి ఉంది. దీని స్థానంలో 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చినా, అదే నెలలో దానిని నిలిపివేసి పాతదానినే పునరుద్ధరించారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మార్గదర్శకాలు, వెదికివచ్చినవారు చూసుకొనేదిగా వెబ్‌సైటు ఉండాలనీ, దానిని జనం మీదికి తోయరాదనీ చాలాకాలం నిర్దేశించాయి. ఇటువంటి మండలి ఏదీ లేని సలహాదారులకు ఈ కట్టుబాట్లు వర్తించవు.

పుటలో ఉండవలసినవి

నిజానికి ఈ నిబంధనలు మంచి వెబ్‌సైటుకు పెద్ద అడ్డంకి కావు. అనుమతించిన వివరాలే చదువరికి అన్నిటికంటె ఎక్కువగా పనికివస్తాయి. 1937లో స్థాపించబడిన బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ కంపెనీ వ్యవహారం తరువాత హైదరాబాదులోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. జీతపు బాకీ ఉన్న కార్మికునికి "అన్ని రకముల కేసులు చేపట్టబడును" అన్న వాక్యం వలన ప్రయోజనం లేదు. కార్మిక వివాదాలా, కంపెనీ దివాలా వ్యవహారాలా, భూమి తగాదాలా అన్నది విడివిడిగా వ్రాసి ఉంటే, అతడు ఎవరి గడప ఎక్కాలో నిర్ణయించుకొనగలడు. ఒక పూట కూలి, బస్సు ఛార్జీలు పోగొట్టుకొని పట్నానికి వచ్చినవానికి "వీరు ఈ పని చేయరు" అని అక్కడ తెలియడం చిన్న నష్టం కాదు.

వ్యవసాయ సలహాదారు సంగతి వేరు. రుద్రూర్‌లో చెరకు, వరి ప్రాంతీయ పరిశోధనా కేంద్రం ఉండగా, రైతు ప్రైవేటు సలహాకు రుసుము ఎందుకు చెల్లించాలన్న ప్రశ్న ముందే వస్తుంది. పొలానికి వచ్చి చూస్తారా, ఎన్నిసార్లు వస్తారు, రుసుము ఎంత, మందులు అమ్మేవారితో సంబంధం ఉందా అన్న వాటికి మొదటి పుటలోనే జవాబు ఉండాలి. చివరి ప్రశ్నను దాటవేసే వెబ్‌సైట్లే ఎక్కువ. బెల్లం తయారీదారులకు ఆహార భద్రతా ప్రమాణాల చట్టం, 2006 క్రింద లైసెన్సు పనులు చేసిపెట్టే సలహాదారు అయితే, తీసుకురావలసిన కాగితాల పట్టికను ఉంచాలి.

న్యాయవాది పుటలో "మీ సమస్యను వివరంగా వ్రాయండి" అనే గడి ఉంచడం ప్రమాదకరం. ఎదుటి పక్షంవారే అందులో తమ సంగతంతా వ్రాయవచ్చును. అప్పుడు ఆ న్యాయవాది ఇరుకున పడతాడు. పేరు, ఫోను, ఎవరితో వివాదం అన్నంతవరకే అడగడం మేలు.

భాష, లిపి

తెలుగు వెబ్‌సైట్లు ఒకప్పుడు ఎవరి ఫాంటు వారు వాడినందున వాటిలోని పాఠ్యం శోధన యంత్రాలకు దొరికేది కాదు. యూనికోడ్ వాడుకలోకి వచ్చాక ఈ చిక్కు తీరింది. అయినా బ్యానరు బొమ్మలో అక్షరాలుగా పెట్టిన చిరునామాను పాఠ్యంగా కూడా ఇవ్వడం అవసరం. ఊరి పేరును రుద్రూర్ అనీ, రుద్రూరు అనీ వ్రాస్తారు. వెదికేవారిలో రోమన్ అక్షరాలు కొట్టేవారూ ఉన్నారు. ఈ రూపాలన్నీ పుటలో సహజంగా రావాలి. బోధన్ ప్రాంతంలో ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు ఉన్నందున ఆ భాషలలో చిన్న పుట ఒక్కటైనా ఉపయోగపడుతుంది.

పేరు నమోదు, నిర్వహణ

డొమైన్ పేరును తయారుచేసిన కుర్రవాని పేరున గాక, వృత్తినిపుణుని పేరుననే నమోదు చేయించాలి. లేనిచో అతడు ఊరు మారిననాడు వెబ్‌సైటు కూడా చేయి జారిపోతుంది. పాతబడిన సమాచారం మరొక చిక్కు. 2016 అక్టోబరులో రుద్రూర్ కొత్త మండలమైంది, అంతకుముందు వర్ని మండలంలో ఉండేది. భూమి దస్తావేజుల ధరణి పోర్టల్ 2020లో వచ్చింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ధరణిలో దరఖాస్తు చేసుకొనమని చెప్పే పుటను చూసిన రైతు, ఆ న్యాయవాది ఇప్పుడు వృత్తిలో ఉన్నాడా అని సందేహించడం సహజం.