రాతిని వదలని ఆల్చిప్ప: మూడు ఖండాల చిక్కుముడి

మంచినీటి ఆల్చిప్పలు సాధారణంగా నది అడుగున ఇసుకలో సగం కూరుకుని ఉంటాయి. కండగల పాదంతో మెల్లగా కదులుతాయి. కానీ కొన్ని ఆల్చిప్పలు అసలు కదలవు. చిన్నతనంలోనే తమ రెండు చిప్పల్లో ఒకదాన్ని సిమెంటు వేసినట్టు రాతికి అతికించేసుకుంటాయి. ఎదిగాక వాటికి పాదమే ఉండదు. సముద్రపు ఆయిస్టర్లను పోలి ఉండటంతో వీటిని మంచినీటి ఆయిస్టర్లు అంటారు.

శాస్త్రవేత్తలు వీటన్నిటినీ చాలాకాలం ఎథీరిడే అనే ఒకే కుటుంబంలో చేర్చారు. ఆఫ్రికాలో నైలు, కాంగో, నైజర్ నదుల్లోనూ, మడగాస్కర్‌లోనూ ఎథీరియా ఎలిప్టికా ఉంది. కొలంబియాలోని మాగ్దలీనా నదిలో అకోస్టియా ఉంది. మన దేశంలో ఉన్నది సూడోముల్లేరియా డాల్యీ. దీన్ని 1898లో ఎడ్గార్ స్మిత్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. పడమటి కనుమల్లో పుట్టి కర్ణాటకలో పారే భద్ర వంటి నదుల్లో తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా లేదు.

మరి ఒకే కుటుంబం మూడు ఖండాలకు ఎలా చేరింది? ఈ ఆల్చిప్పల బంధువర్గంలో పిల్లదశ చేపల మొప్పలకో రెక్కలకో అంటుకుని ప్రయాణిస్తుంది. మంచినీటి చేప సముద్రం దాటలేదు కాబట్టి ఆల్చిప్పా దాటలేదు. అందుకే ఒకప్పుడు ఈ భూభాగాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం చీలినప్పుడే ఈ కుటుంబమూ విడిపోయిందన్న వివరణ సహజంగా తోచింది.

2000లో ఆర్థర్ బోగన్, వాల్టర్ హో ప్రచురించిన డీఎన్ఏ పరిశోధన ఈ లెక్కను మార్చింది. భారతీయ ఆల్చిప్ప ఆ కుటుంబానిది కాదనీ, మన చెరువుల్లో కనిపించే మామూలు ఆల్చిప్పల కుటుంబమైన యూనియోనిడేకు చెందినదనీ తేలింది. అంటే రాతికి అతుక్కునే గుణం కనీసం రెండుసార్లు వేర్వేరుగా పుట్టింది. వడిగా పారే నదిలో కొట్టుకుపోకుండా ఉండాలన్న ఒకే అవసరం దూరపు బంధువులను ఒకే రూపానికి తెచ్చి ఉండవచ్చు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండాలని లేదు.

అయితే నాడు రక్షణ ఇచ్చిన గుణమే నేడు ముప్పు తెస్తోంది. ఆనకట్ట వల్ల నీరు తగ్గినా, రాళ్లపై బురద పేరుకున్నా మామూలు ఆల్చిప్ప కాస్త పక్కకు జరగగలదు. ఇది జరగలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల్లో చేర్చింది. ఆ భద్ర నీరే తుంగతో కలిసి తుంగభద్రగా మన రాష్ట్రాల్లోకి వస్తుంది. ఎగువన ఆ రాళ్ల మీద నీరు పారినంతకాలమే ఈ జీవి ఉంటుంది.