పసిపిల్లల చేయి పట్టుకుని పులికాట్ ఒడ్డుకు

గత శీతాకాలంలో ఒకనాడు అస్ర్ నమాజు తర్వాత మా మక్తబ్‌లో ఎనిమిదేళ్ళ బాలుడు సూరె ముల్క్ అప్పజెప్పాడు. 30 ఆయతులలో ఒక్క తప్పు లేదు, తజ్వీద్ కూడా చక్కగా కుదిరింది. మాకు సంతోషం కలిగి, 19వ ఆయతు దగ్గరికి వెనక్కి వెళ్ళి దాని భావం వివరించాము. మన తలపై రెక్కలు చాచి ఎగిరే పక్షుల వైపు ఆ ఆయతు మన చూపును తిప్పుతుంది. వాటిని ఆకాశంలో నిలిపి ఉంచేది ఆ కరుణామయుడేనని గుర్తుచేస్తుంది.

"రెక్క ఆడించకుండా గాలిలో తేలిపోయే పెద్ద పక్షిని ఎప్పుడైనా చూశావా బేటా?" అని అడిగాము.

"చూశాను హజ్రత్, అమ్మీ ఫోనులో" అన్నాడు.

ఆ బాలుడి ఇల్లు సూళ్లూరుపేటలో ఉంది. వేల మైళ్ళ దూరం నుంచి పక్షులు వెతుక్కుంటూ వచ్చే పులికాట్ సరస్సు ఆ ఇంటికి కూతవేటు దూరం. సూరా కంఠస్థమైంది గానీ, ఆ సూరా చూడమన్న దృశ్యం పిల్లవాడి కంటికి అందలేదు.

తల్లిదండ్రులను పిలిపించి మందలించాలని మొదట అనుకున్నాము. అంతలో మా ఇంటి సంగతే గుర్తుకు వచ్చి నోరు మూసుకున్నాము. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల పిల్లలకు చదువు చెబుతున్నాము. మా పెద్దకుమారుడు పెరిగి పెద్దవాడై, తనకొక బిడ్డ పుట్టాక, ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర మాతో అన్న మాట ఇది: "అబ్బా, మీరు నాకు దుఆలన్నీ నేర్పారు. ఒక్కరోజైనా నా చేయి పట్టుకుని ఊరికే చెరువుగట్టు దాకా నడిచారా?" అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. పాఠకులకు ఇవాళ మేము చెప్పబోయేది పండితుని ఉపదేశం కాదు, ఆలస్యంగా మేలుకున్న ఒక తండ్రి విన్నపం.

చిన్నారి పిట్ట కథ

హజ్రత్ అనస్ (రజి) గారికి ఒక చిన్న తమ్ముడు ఉండేవాడు. అతన్ని అబూ ఉమైర్ అని పిలిచేవారు. ఆ పసివాడు ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. ఒకనాడు దైవప్రవక్త (స) వారింటికి వచ్చేసరికి అతను దిగులుగా కనిపించాడు. పిట్ట చనిపోయిందని ఇంట్లోవారు చెప్పారు. ఆయన ఆ బాలుణ్ణి పేరుపెట్టి పిలిచి, నీ పిట్ట ఏమైందని ముద్దుగా పలకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. ఒక సమాజపు భారమంతా మోస్తున్న మహనీయుడు ఒక పసివాడి పిట్టను గుర్తుపెట్టుకున్నారు. పిల్లవాడి లోకంలోకి తాను దిగివెళ్ళారు. మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? పాఠం అప్పజెప్పావా, మార్కులెన్ని, నమాజు చదివావా అని అడుగుతాము. ఇవన్నీ అడగవలసినవే. కానీ "నీ పిట్ట ఏమైంది?" అని అడిగే తీరిక మనకు లేకుండా పోయింది. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దు పెట్టుకోలేదని చెప్పిన అఖ్రా బిన్ హాబిస్ వైపు ఆయన ఎలా చూశారో, కరుణ చూపనివానికి కరుణ లభించదని ఎలా హెచ్చరించారో మనకు తెలుసు. తెలిసినదాన్ని ఆచరించడమే మిగిలి ఉంది.

మన ముంగిట్లోని సరస్సు

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. పాత తెలుగులో దీని పేరు ప్రళయకావేరి. ఇందులో అత్యధిక భాగం మన తిరుపతి జిల్లాలోనే ఉంది, దక్షిణపు కొన తమిళనాడులో ఉంది. ఆ కొసన ఉన్న పళవేర్కాడు ఊరికి డచ్చివారు 1609లో వచ్చారు, 1613లో కోట కట్టుకున్నారు. అంతకు ముందే అరబ్బు వర్తకులు ఆ రేవుకు వస్తూపోతూ ఉండేవారు. నేటికీ అక్కడి ముస్లిం మహిళలు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతున్నారు.

సరస్సుకు ఎగువన, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రం ఉంది. 1976లో ఏర్పడింది. అక్కడిది మంచినీటి చెరువు. నీటిలో మునిగి నిలిచిన చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్ళు కట్టి పిల్లల్ని పొదుగుతాయి. ఆ ఊరి రైతులు తరతరాలుగా ఈ పక్షులను కాపాడుకుంటూ వస్తున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి బలమని వారి అనుభవం.

నేలపట్టులో గూడు కట్టుకున్న పక్షి ఆహారం కోసం పులికాట్ దాకా ఎగిరి వెళుతుంది, చేపను తీసుకుని మళ్ళీ గూటికే వస్తుంది. పక్షులు ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంకాలం నిండిన కడుపుతో తిరిగివస్తాయని చెప్పే హదీసును మనం దైవంపై భరోసాకు ఉదాహరణగా వింటూ ఉంటాము. నేలపట్టులో నిలబడి చూసినప్పుడు మాకు దానిలో మరో పాఠం కనిపించింది. ఉపాధి కోసం వెళ్ళడం ఎంత అవసరమో, గూటిలో నోరు తెరిచి ఎదురుచూసే పిల్ల దగ్గరికి తిరిగి రావడమూ అంతే అవసరం.

ఆ ఉదయం

జనవరిలో ఒక ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకుని ఆరు కుటుంబాలతో నేలపట్టుకు బయలుదేరాము. సూరె ముల్క్ అప్పజెప్పిన బాలుడు, నాలుగేళ్ళ అతని చెల్లెలు, వారి తల్లిదండ్రులు కూడా వచ్చారు. తండ్రి తడ వైపు ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి, కళ్ళు ఎర్రబడి ఉన్నా మానలేదు.

కావలి మంచె ఎక్కగానే చిన్నపిల్ల ప్రశ్నలు మొదలుపెట్టింది. "అబ్బా, ఆ పక్షి మెడకింద సంచి ఎందుకు?" తండ్రికి తెలియదు. అక్కడి అటవీ సిబ్బందిని అడిగి వచ్చి, గూడబాతు ఆ సంచితో నీటిని తోడి చేపలను మాత్రం మిగుల్చుకుంటుందని చెప్పాడు. "నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఎందుకు?" మళ్ళీ వెళ్ళి అడిగాడు. నత్తను పట్టుకోవడానికట. బాలుడు మాత్రం మాట్లాడకుండా తల పైకెత్తి నిలబడ్డాడు. రెండు గూడబాతులు రెక్క కదపకుండా చెరువు మీదుగా తేలిపోతున్నాయి. ఎవరూ అడగకుండానే 19వ ఆయతును మెల్లగా తనలో తాను చదువుకున్నాడు.

అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట రోడ్డుపైకి వెళ్ళాము. రోడ్డుకు ఇరువైపులా సరస్సే. లోతులేని నీటిలో ఫ్లెమింగోలు తల కిందులుగా వంచి మేస్తున్నాయి. వాటి పిల్లలు బూడిద రంగులో ఉంటాయని, తినే ఆహారం వల్లే పెద్దవాటికి గులాబీ రంగు వస్తుందని పిల్లలకు చెప్పాము. జుహ్ర్ వేళకు ఒడ్డునే జానిమాజులు పరిచాము. సరస్సు మా వెనుక ఉంది, ఖిబ్లా ముందు ఉంది. భూమి అంతా మనకు సజ్దా చేసే చోటుగా చేయబడిందన్న మాటకు పిల్లలకు వేరే వివరణ అవసరం లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో చిన్నపిల్ల తండ్రి భుజంపై నిద్రపోయింది. అతను మాతో మెల్లగా అన్నాడు: "హజ్రత్, వీళ్ళ దగ్గర ఇన్ని ప్రశ్నలున్నాయని నాకు తెలియదు."

ఎక్కడికి, ఎప్పుడు, ఎలా?

నేలపట్టుకు అక్టోబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. ఉదయం త్వరగా గానీ, ఎండ తగ్గాక గానీ వెళ్ళాలి. గూడూరు, చెన్నై మధ్య నడిచే లోకల్ రైళ్ళలో వచ్చేవారికి దొరవారిసత్రం స్టేషను దగ్గర. ఫ్లెమింగోల కోసం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డుపై అటకానితిప్ప దాకా వెళితే చాలు. 2025 జనవరి 18 నుంచి 20 వరకు జరిగినట్టుగా ప్రభుత్వం ఫ్లెమింగో పండుగ నిర్వహించినప్పుడు జనం ఎక్కువ. పసిపిల్లలున్నవారు ఆ రోజుల్లో కాక మరో ఉదయం వెళ్ళడం మేలు.

రాకెట్ ప్రయోగం కూడా పిల్లలకు మరువరాని దృశ్యం. 2019 నుంచి శ్రీహరికోటలో సందర్శకుల గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చంటిపిల్లలతో అంతదూరం అక్కర్లేదు, సూళ్లూరుపేట మిద్దెల మీద నుంచే కనిపిస్తుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరినది శుక్రవారం, జుమా నమాజు తర్వాత, మధ్యాహ్నం 2.35 గంటలకు. వెళ్ళగలిగినవారికి తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే పిల్లలు అలసిపోతారు.

ఖర్చు గురించి బెంగ వద్దు. ఇంటి నుంచి కిచిడీ, ఉడికించిన గుడ్లు, వేరుశనగ ఉండలు, నీళ్ళు తీసుకెళ్ళండి. హోటలులో ఇంటిల్లిపాదీ ఒక పూట తినే బిర్యానీ ఖర్చుకు మించదు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గూళ్ళ దగ్గర కేకలు వేయనీయకండి, రాళ్ళు విసరనీయకండి. ఒక తల్లిపక్షి పిల్లలను కొందరు తీసుకువస్తే, దాన్ని బాధపెట్టినది ఎవరని అడిగి వాటిని తిరిగి ఇప్పించిన ప్రవక్త (స) అనుయాయులం మనం. ప్లాస్టిక్ కవర్లు తిరిగి ఇంటికే తీసుకురండి. భీములవారిపాళెంలో పడవ ఎక్కితే చంటిపిల్లతో సహా అందరూ లైఫ్ జాకెట్ ధరించాలి. పడవలో చోటు లేదంటే దిగిపోవడమే వివేకం. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో, తమిళనాడు వైపు, విహారానికి వచ్చినవారి పడవ బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాతే భరోసా ఉంచు అన్న బోధ పడవకూ వర్తిస్తుంది.

ఇంటి చుట్టూ ఉన్న సాయం

విహారం నెలకొకసారి. మిగిలిన రోజుల్లోనూ పసిపిల్లల పెంపకానికి దగ్గరలోనే చేయూత ఉంది. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకు బాలామృతం ఇస్తారు. మూడు నుంచి ఆరేళ్ళవారికి ఆటపాటలతో చదువు చెబుతారు. మన పిల్లలను పంపడానికి సంకోచం వద్దు, అది మన హక్కు కూడా. 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలలు నిండాక తట్టు టీకా తప్పకుండా వేయించండి. ఆ రోజున తల్లిని ఒంటరిగా పంపకుండా తండ్రి కూడా వెళ్ళాలని మా కోరిక. సూది గుచ్చినప్పుడు ఏడ్చే బిడ్డకు తండ్రి భుజం కూడా కావాలి. ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో బొమ్మల పుస్తకాలు అడగండి. ఆపదలో ఉన్న బిడ్డ ఎక్కడ కనిపించినా 1098కి ఫోను చేయవచ్చు, రాత్రింబవళ్ళు పలుకుతుంది.

ఇంట్లో మగ్రిబ్ తర్వాత పది నిమిషాలు ఫోను పక్కన పెట్టండి. ఆ రోజు చూసిన పిట్ట పేరు చెప్పమనండి, బొమ్మ వేయమనండి. సులైమాన్ (అ) వారి హుద్‌హుద్ పిట్ట కథ, ఆదం (అ) కుమారునికి దారి చూపిన కాకి కథ చెప్పండి. నాన్నమ్మ, తాత ఉంటే వారిని కూర్చోబెట్టండి.

మా మనవడికి ఇప్పుడు మూడేళ్ళు. ఆదివారం ఫజ్ర్ తర్వాత మా వేలు పట్టుకుని చెరువుగట్టు దాకా వస్తాడు. కొంగను చూసి ప్రతిసారీ కొత్తగా అరుస్తాడు. వెనుక మా కుమారుడు మౌనంగా నడుస్తుంటాడు. పోయిన కాలాన్ని తిరిగి తెచ్చే శక్తి మాకు లేదు. మీ బిడ్డ ఇంకా చేయి అందుకునే వయసులో ఉంటే, ఈ ఆదివారమే బయలుదేరండి. మన సంతానాన్ని మన కనులకు చల్లదనంగా చేయమని, వారికి మన చేతులు అందుబాటులో ఉంచే భాగ్యాన్ని మనకు ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.