ఎలుకకు ఇల్లు కట్టి చూడు!

మా చిల్లకల్లు వైపు ఎలుక కోసం కొనేవి రెండే: బోను, మందు. పత్తి, మిరప, వరి పండే చోట ఎలుకంటే శత్రువే మరి. అలాంటి ఊళ్లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటూ రెండు ఎలుకల్ని పెంచుతున్నా. "డబ్బులిచ్చి కొన్నావా? చేలోకెళ్తే ఊరికే దొరుకుతాయి కదరా!" అని మా మామ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

చేలో ఎలుక వేరు, ఇది వేరు. చేలో పట్టింది మచ్చిక కాదు, కరుస్తుంది, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులూ అంటించొచ్చు. పెంపుడు ఎలుక తరతరాలుగా మనుషుల చేతుల్లో పెరిగిన జాతి. ఇంగ్లండ్‌లో 1901లోనే వీటికి అందాల పోటీ పెట్టారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో వాడే తెల్ల ఎలుకలదీ ఇదే జాతి. పేరు గుర్తుపడుతుంది, భుజమెక్కి కూర్చుంటుంది. ఇన్‌స్టా రీల్ చూసి ముచ్చటపడి ఆర్డర్ పెట్టే ముందు, ఏమేం కావాలో చూడండి.

ఒకటి కాదు, రెండు

ఎలుక గుంపులో బతికే జీవి. ఒక్కదాన్నే ఉంచితే దిగులు పడుతుంది. రెండూ ఆడవో, రెండూ మగవో ఉండాలి. నగరంలో ఒక షాపువాడు 'రెండూ ఆడవే' అని నాకు జత అంటగట్టాడు. అక్కడే తిప్పి చూస్తే ఒకటి మగది! పట్టుబట్టి మార్పించుకున్నా. లేకపోతే లెక్క ఇలా ఉండేది: గర్భం 21 నుంచి 23 రోజులు, ఒక్కో కాన్పుకు సుమారు పది పిల్లలు.

ఇల్లు

రెండింటికి రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న కేజ్ కావాలి. ఊచల మధ్య సందు అరంగుళం మించకూడదు. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. అడుగున తీగ జాలీ ఉంటే పాదాలు పుండ్లు పడతాయి, అట్టో గుడ్డో పరవాలి. గాజు తొట్టి వద్దు, గాలి ఆడదు. ఎక్కడానికి తాడు, దాక్కోడానికి అట్టపెట్టె, పడుకోడానికి ఉయ్యాల కావాలి. మా వాటి ఉయ్యాల నాన్న పాత లుంగీతో కుట్టిందే.

పక్క

మాది పత్తి ఊరు కాబట్టి దూది పరిచేయొచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. పోగులు కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి. రంపపు పొట్టు, ఊక కూడా వద్దు. ఎలుక ఊపిరితిత్తులు చాలా సున్నితం, ఆ దుమ్ము పడదు. ముద్రణ లేని కాగితం ముక్కలు చాలు. ఉచ్చ తడిసిన చోట రోజూ తీసేయాలి. ఆ అమ్మోనియా వాసన మన ముక్కుకు తగిలేసరికే వాటికి ఎక్కువైపోయినట్టు.

తిండి, నీళ్లు

ఎలుకల కోసం అమ్మే పెల్లెట్లు దొరికితే అవే ప్రధాన ఆహారం. వాటికి తోడుగా జొన్న, సజ్జ, కొర్ర, కీరా, క్యారెట్, అప్పుడప్పుడూ ఉడికించిన గుడ్డు. వేరుశనగ గింజ తాయిలం మాత్రమే, లేదంటే ఒళ్లు చేస్తాయి. నీళ్లకు గోళీ ఉన్న బాటిళ్లు రెండు పెట్టండి, ఒకటి మూసుకుపోయినా రెండోది ఉంటుంది. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరకడానికి కొబ్బరి చిప్ప, రంగు వేయని చెక్క ఇవ్వండి.

పల్లెటూరి ఇంట్లో ఇంకో జాగ్రత్త: ఎలుకల మందు. ఎలుక కక్కలేదు. మింగిన విషం కడుపులోనే ఉండిపోతుంది. పెంపుడు ఎలుక ఉన్న ఇంట్లో ఏ మూలా మందు బిళ్ల ఉండకూడదు.

మే నెలే అసలు పరీక్ష

ఎలుకకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడిని కొంతవరకు తోక నుంచి పోగొట్టుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలు. జగ్గయ్యపేట, నందిగామ ఎండ 45ని తాకే రోజులు మీకు తెలిసినవే, కరెంటు కోతలూ తెలిసినవే. అందుకే నా లిస్టులో కేజ్ కంటే ముందు ఇన్వర్టర్, చల్లటి గది ఉన్నాయి. గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్, చల్లటి పింగాణీ పలక పక్కన పెడితే అవే వచ్చి ఆనుకుంటాయి. కూలర్ గాలి మాత్రం నేరుగా కొట్టనివ్వొద్దు.

డాక్టర్

ఎలుక జబ్బును దాచుకుంటుంది. వారానికోసారి వంటింటి డిజిటల్ కాటాలో తూచండి. బరువు తగ్గుతోందంటే తేడా ఉన్నట్టే. కళ్లు, ముక్కు దగ్గర ఎర్రగా కారితే రక్తం అనుకుని కంగారు పడతారు. చాలాసార్లు అది పోర్ఫిరిన్ అనే స్రావం, ఒత్తిడికో జబ్బుకో గుర్తు. మా చుట్టుపక్కల పశువైద్యులు గేదెలు, మేకలు చూస్తారు. చిన్న జంతువులు చూసే డాక్టర్ కావాలంటే మాకు విజయవాడే, 70 కిలోమీటర్లకు అటూఇటూ. కాబట్టి గాలాడే చిన్న ప్రయాణపు పెట్టె, డాక్టర్ నంబరు ఎలుకల కన్నా ముందే ఇంట్లో ఉండాలి.

ఇంత చేసినా ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లే. ఆ రెండు మూడేళ్లూ దాని ప్రపంచమంతా ఆ కేజ్, మీరూ. రోజూ గంటసేపు బయట వదిలి ఆడించే తీరిక, ఎండాకాలం చల్లగా ఉంచే వీలు ఉంటేనే తెచ్చుకోండి. లేదంటే రీల్ చూసి లైక్ కొట్టి వదిలేయండి. ఎలుకకు అదే మీరు చేసే మేలు.