కుర్చీలో కూర్చున్నా కళ్ళు తిరుగుతాయి!

సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులో కిటికీ పక్క సీటు కోసం జరిగే తగవు మన ప్రాంతంవారికి తెలిసిందే. మలుపులు మొదలయ్యేసరికి నిమ్మకాయ వాసన చూసేవారు కొందరు, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవారు కొందరు. బస్సు ఊగింది కాబట్టి కడుపు తిప్పిందనుకోవచ్చు. కాని ఇంట్లో కదలకుండా కూర్చున్న కుర్రవాడికి అదే బాధ ఎందుకు రావాలి? "మా గుంటడు సెల్లులో విమానం ఆట ఆడి లేచాడు బాబూ, డోకు వస్తోందంటున్నాడు" అంటూ తల్లులు ఆసుపత్రికి తీసుకువస్తూ ఉంటారు. అప్పటికే కొందరు దిష్టి తీసి ఉంటారు, కొందరు పైత్యమని తేల్చి ఉంటారు. ఇది దిష్టీ కాదు, పైత్యమూ కాదు.

కన్నొకటి, చెవొకటి

మన లోపలి చెవిలో వినికిడి భాగంతోపాటు మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి. తల తిరిగినా, వంగినా, శరీరం వేగం మారినా మెదడుకు కబురు చెప్పేవి ఇవే. బస్సులో పుస్తకం చదివేవాడి చెవి "కదులుతున్నాం" అంటుంది. పుస్తకం మీది కన్ను "లేదు" అంటుంది. వీడియో ఆటలో ఇది తిరగబడుతుంది. మేఘాల మధ్య దూసుకుపోతున్నామని కన్ను చెబుతుంది, కుర్చీలోనే ఉన్నామని చెవి చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగక మెదడు తికమక పడుతుంది. ఫలితంగా చెమటలు, ఆవులింతలు, నోట నీరూరడం, తలనొప్పి, చివరకు వాంతి.

ఈ బాధ కొత్తదేమీ కాదు. అమెరికా నౌకాదళంవారు హెలికాప్టరు శిక్షణకు వాడిన కృత్రిమ యంత్రంలో ఇటువంటి బాధలు కలిగినట్లు 1957 లోనే నమోదయింది. విచిత్రమేమిటంటే, కొత్తగా నేర్చుకునేవారికంటే అనుభవజ్ఞులైన శిక్షకులే ఎక్కువ బాధపడ్డారు. అసలు విమానం ఎలా కదులుతుందో వారి శరీరానికి బాగా తెలుసు. ఆ కదలిక అందకపోయేసరికి తేడా కొట్టొచ్చినట్లు తెలిసింది. కనుక కళ్ళు తిరిగిన పిల్లవాణ్ణి పిరికివాడని ఎగతాళి చేయకండి.

ఏం చేయాలి?

చీకటి గదిలో ఆడనివ్వకండి. దీపం వేసి, తెరకు దూరంగా కూర్చోబెట్టండి. తెర చుట్టూ గోడ, తలుపు కనబడుతుంటే మెదడుకు ఒక ఆధారం దొరుకుతుంది. ఆటలో దృశ్యాన్ని ఊపే సౌకర్యం ఉంటే దాన్ని ఆపివేయవచ్చు. మొదట పది నిమిషాలు చాలు. రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచితే చాలామందికి అలవాటవుతుంది. కదిలే బస్సులో మాత్రం వద్దు. తలకు తగిలించుకునే కళ్ళజోడు వంటి పరికరాలు చుట్టూ ఉన్న గదిని పూర్తిగా మరుగుచేస్తాయి కనుక మరింత జాగ్రత్త అవసరం.

కళ్ళు తిరగడం మొదలవగానే ఆట ఆపాలి. "ఈ ఒక్క ఆటా అయిపోనీ" అని పంతం పట్టినకొద్దీ బాధ ముదురుతుంది. గాలి తగిలేచోట కూర్చుని దూరంగా ఉన్న చెట్టునో ఇంటినో చూస్తూ గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగితే సాధారణంగా సర్దుకుంటుంది. తల తేలికపడేవరకు సైకిలు, మోటారు సైకిలు ఎక్కరాదు. ఆట కోసమని వాంతి మాత్రలు మింగించడం మంచి పద్ధతి కాదు.

మూర్ఛ ఉన్నవారికి హెచ్చరిక

ఇది వేరే సంగతి. మూర్ఛ రోగుల్లో నూటికి సుమారు ముగ్గురికి మిలమిల మెరిసే వెలుతురు పడదు. పిల్లల్లో, యుక్తవయస్కుల్లో ఇది ఎక్కువ. 1997 డిసెంబరు 16న జపానులో ఒక టీవీ కార్టూనులో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరవడంతో ఆరు వందలమందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు చేర్చారు. వారిలో కొందరికి అంతకుముందు మూర్ఛే లేదు. నిద్ర చాలనప్పుడు, మాత్రలు మానినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. తెర మెరుపులకు ఏదోలా అనిపిస్తే వెంటనే ఒక కంటిని అరచేతితో మూసి, తెరనుంచి ముఖం తిప్పుకోవాలి.

మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

ఎప్పుడు డాక్టరుకు చూపాలి?

ఆట లేకపోయినా కళ్ళు తిరిగితే, ఉదయం లేస్తూనే తలనొప్పితో వాంతులయితే, ఒక చెవి వినబడకపోతే, మాట తడబడితే నెపం సెల్లు మీద వేసి ఊరుకోకండి. వెంటనే చూపించండి.

పైడితల్లమ్మ జాతరకు వెళ్ళిన పిల్లవాడు జెయింట్ వీలు ఎక్కుతానని మారాం చేస్తాడు. గాలిలో తేలాలనే సరదా తప్పు కాదు. అయితే జాతరలో చక్రం తిప్పేవాడు వేళకు ఆపుతాడు. ఇంట్లో ఆపవలసినది మీరే.