అపార్ట్‌మెంట్‌లో వైఫై సతాయిస్తోందా? రౌటర్ కొనేముందు ఇవి చూడండి

రాత్రి 9 గంటలకు మా ఫ్లాట్‌లో స్కాన్ చేస్తే 20కి పైగా వైఫైలు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. ఆఫీస్ కాల్స్ తెగేది అందుకే. యాంటెనాలు ఎన్నున్నా ఈ రద్దీ తగ్గదు.

ముందు ల్యాప్‌టాప్‌కి ల్యాన్ కేబుల్ పెట్టి స్పీడ్ చూడండి. అక్కడా పడిపోతుంటే తేడా లైన్‌లోనే, కొత్త రౌటర్ దండగ. కేబుల్‌లో బాగుంటే 5 గిగాహెర్ట్జ్ ఉన్న డ్యూయల్ బ్యాండ్ తీసుకోండి. అది గోడలు సరిగా దాటలేదు కాబట్టి పక్కింటి గోల తక్కువ. మన బెడ్‌రూమ్‌కీ తక్కువే అందుతుంది, రౌటర్‌ని హాల్ మధ్యకి తేవాల్సిందే.

బాక్స్ మీద 'ఏసీ1200' చూసి మురిసిపోకండి, అది రెండు బ్యాండ్‌లు కలిపిన లెక్క. చవక మోడళ్లలో చాలావాటికి పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. 200 ప్లాన్ ఉన్నా వంద దాటదు. గిగాబిట్ పోర్ట్ లేనిది నేనైతే కొనను.